పాత పాటల రాత్రి: మగపిల్లలకి శివశంకరి, ఆడపిల్లలకి జోలపాటేనా?

పర్లాకిమిడి పద్మ
చవితి పందిట్లో మా వీధివాళ్ళు ఏటా ఒక రాత్రి పాత సినిమా పాటలు పెడతారు. పాడేది పిల్లలే. కీబోర్డు, తబలా బయటి నుంచి వస్తాయి. ఈసారి లిస్టు చూశాక ఒళ్ళు మండింది. మా అక్క కూతురు తొమ్మిదో క్లాసు. జగదేకవీరుని కథలో "శివశంకరీ" పాడతానని వేసవి నుంచీ సాధన చేస్తోంది. కమిటీ పెద్దాయన "అది ఘంటసాల పాట తల్లీ, మగపిల్లలకి వదిలెయ్యి, నీకు మంచి జోలపాట రాశాను" అన్నారు. ఆడపిల్లలందరికీ అదే వరస. జోల, తులసికోట, పెళ్ళికూతురి సిగ్గు, మొగుడి కోసం ఎదురుచూపు. మగపిల్లలకి మాత్రం విరహం, వేదాంతం, అల్లరి, పెద్ద రాగాలు అన్నీ ఉన్నాయి.

పైగా ఒక కుర్రాడికి మిస్సమ్మలోని "ఆడువారి మాటలకు అర్థాలే వేరులే" ఇచ్చారు. వాడు పాడుతుంటే మా పిల్ల ఎదురుగా కుర్చీలో మూతి ముడుచుకుని కూర్చోవాలట. జనం నవ్వుతారట. ఇంటికొచ్చి ఏమీ అనలేదు. కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉంది, ముద్ద మాత్రం నోట్లో పెట్టలేదు.

మా పిల్లలు బడిలో చదివేది ఒడియా. తెలుగు వచ్చేది ఇంట్లో మాటల వల్ల, ఈ పాటల వల్ల. అందుకే నాకు ఇంత పట్టింపు. కమిటీతో ఏమని మాట్లాడాలో చెప్పండి.

గుణుపురం గోపి
పాటని పాటలా వినాలండి. మిస్సమ్మ 1955లో వచ్చింది. అప్పట్నించీ అందరూ ఆ పాట వింటున్నారు, ఎవరికీ బాధ కలగలేదు. ఎ.ఎం. రాజా గొంతు, రాజేశ్వరరావు బాణీ, అంత హాయైన పాటని పంచాయితీకి ఈడ్చడం అన్యాయం.

రాయగడ రమణి
బాధ కలగలేదని మీకెవరు చెప్పారు గోపిగారూ? ఎవరినైనా అడిగారా?

కాలేజీ రోజుల్లో గుణుపురం బస్సులో వచ్చేదాన్ని. వెనక సీట్లో కుర్రాళ్ళు రోజూ అదే పాట. మా స్నేహితురాలు వెనక్కి తిరిగి "వద్దు, ఆపండి" అంది. ఆ వద్దుకి కూడా పాటలోంచే జవాబు చెప్పారు. బస్సంతా నవ్వింది, కండక్టరుతో సహా. తర్వాత ఆ పిల్ల బస్సు మానేసి హాస్టల్లో చేరింది. పాట గొప్పదే, నేనూ కూనిరాగం తీస్తాను. కానీ ఆడపిల్ల కాదంటే అవునని అర్థం చేసుకోమని చెప్పే పాటని, ఒక పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి పాడించడం సరదా కాదు.

పాతపాటల పిచ్చోడు
ఇద్దరూ ఆ ఒక్క పాట పట్టుకుని సినిమాని వదిలేశారు. అందులో మేరీ (సావిత్రి) ఎలాంటి పిల్లో గుర్తు చేసుకోండి. బీఏ చదివింది. తల్లిదండ్రుల అప్పు తీర్చాలి. అప్పిచ్చిన డేవిడ్ (రమణారెడ్డి) పెళ్ళి చేసుకోమని వెంటపడుతుంటే, వాడి పీడ వదిలించుకోవడానికి ఉద్యోగానికి బయల్దేరింది. భార్యాభర్తలైన టీచర్లే కావాలని ప్రకటన వస్తే, ముక్కూమొహం తెలీని మనిషిని మొగుడిగా చూపించి జీతం సంపాదించింది. 1955లో ఆ తెగువ చిన్నది కాదు. ఆ వేషం మొదట భానుమతిది, నిర్మాత చక్రపాణితో పేచీ వచ్చి తప్పుకున్నారు. ఇద్దరిలో ఎవరు వేసినా మేరీ నోరు లేని పిల్ల అయ్యేది కాదు.

ఇంకో సంగతి. ఆ సినిమాలోనే "తెలుసుకొనవె యువతీ" అని హీరో పాడతాడు, రాజా గొంతులో. అదే వరసలో "తెలుసుకొనవె చెల్లీ" అని సావిత్రి పాడుతుంది, పి. లీల గొంతులో. మగవాళ్ళకి దూరంగా మసలమని చెల్లెలికి చెప్పే పాట. సినిమా ఇద్దరికీ చెరో మాట ఇచ్చింది. స్టేజీ మీదకి వచ్చేసరికి మనం మగవాడి మాట ఒక్కటే ఉంచుతున్నాం. పద్మగారూ, ఆ కుర్రాడి పాట తీసేయమనకండి. పిల్లని కుర్చీలోంచి లేపి మైకు దగ్గరికి పంపమనండి.

బరంపురం బుజ్జి
పిచ్చోడి మాటే నాదీను.

జయపురం మాస్టారు
"ఘంటసాల పాట ఆడపిల్ల పాడకూడదు" అన్న పెద్దాయనని ఒక్క ప్రశ్న అడగండి. లవకుశ (1963) చూశారా అని. చూడకుండా ఎలా ఉంటారు, ఆ తరంవాళ్ళు ఎడ్లబళ్ళు కట్టుకుని వెళ్ళి మరీ చూశారు. "రామకథను వినరయ్యా" అని అయోధ్య వీధుల్లో పాడింది ఇద్దరు మగపిల్లలు. వాళ్ళ వెనక గొంతులు పి. లీల, పి. సుశీల. లవుడికీ కుశుడికీ ఆడవాళ్ళు పాడితే చెంపల మీద నీళ్ళు కార్చుకుంటూ విన్నారు. పర్లాకిమిడి పందిట్లో ఆడపిల్ల శివశంకరి పాడితే ఏం మునిగింది?

గుణుపురం గోపి
మాస్టారూ, అక్కడ ఉన్నది చిన్నపిల్లలు, ఆడగొంతు నప్పుతుంది. శివశంకరి వేరు. దర్బారీ కానడ రాగం, కింది స్థాయిలో గంభీరంగా మొదలవ్వాలి. ఆడపిల్ల గొంతు అంత కిందికి దిగదు. ఇది వివక్ష కాదు, శ్రుతి.

బరంపురం కీబోర్డు
శ్రుతి సంగతి నేను చెప్తాను, నా తిండి అదే. మగవాళ్ళు మామూలుగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడతారు, ఆడవాళ్ళు అంతకంటే పైన ఐదు, ఐదున్నరలో. ఒరిజినల్ స్కేలులోనే పాడమంటే పిల్లకి కష్టమే. అలా ఎవరు పాడమన్నారు? కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ నొక్కితే చాలు, పాట మొత్తం ఆమె శ్రుతికి వస్తుంది. రాగం మారదు, తాళం మారదు. మగపిల్లలు సుశీల పాట అడిగితే కిందికి దించి వాయిస్తున్నాం కదా, ఎవరూ శ్రుతి గురించి అడగరు. తబలా ఆయనకి మాత్రం ముందే చెప్పాలి, ఐదుకి వేరే తబలా తెచ్చుకోవాలి. స్టేజీ ఎక్కాక చెప్తే సుత్తి పట్టుకుని కొట్టుకుంటూ కూర్చుంటాడు.

వంశధార
అసలు గొడవ ఏ పాట ఎవరు పాడాలన్నది కాదు, ఆ సినిమాల్లో కథ ఎటు నడుస్తుందన్నది. గడసరి ఆడపిల్ల ఉంటే చివరికి ఆమె మెడ వంచాలి. శ్రీకృష్ణ తులాభారం (1966) తీసుకోండి. జమున సత్యభామ. "మీరజాలగలడా" అని ఎంత ధీమాగా పాడుతుంది! కృష్ణుడు నా గీటు దాటడు అంటోంది. ఆ ధీమా చూడ్డానికే జనం వెళ్ళారు. కానీ కథ ఆమె నగలన్నీ తక్కెట్లో వేయించి, చాల్లేదనిపించి, రుక్మిణి తులసీదళంతో ఓడిస్తుంది. అణకువ గెలిచింది, గర్వం ఓడింది. ఇంటికెళ్ళాక ఆడపిల్లలకి పెద్దలు చెప్పింది రుక్మిణిలా ఉండమనే.

గుండమ్మ కథ (1962)లో సరోజ కూడా అంతే, ఆ వేషమూ జమునదే. పనీపాటా రాని, నోరున్న పిల్ల. నాగేశ్వరరావు పెళ్ళి చేసుకుని, పేదవాణ్ణని అబద్ధమాడి, తోటలో కూలిపని చేయించి దారికి తెస్తాడు. మోసం చేసి పెళ్ళాన్ని వంచితే మనం హాస్యం అనుకుని చూశాం. సావిత్రి వేసిన లక్ష్మి మాత్రం పొద్దుట్నించి రాత్రి దాకా చాకిరీ చేసి కిక్కురుమనదు, అందుకే ఆమె మంచిది. ఇంట్లో చిన్నప్పుడు నన్ను "సరోజ" అని తిట్టేవారు. సినిమా పేరు పెట్టి తిట్టారంటే ఎంత లోతుకి దిగిందో చూడండి.

గుణుపురం గోపి
అదే సినిమాలో ఎన్టీఆర్ నిక్కరేసుకుని పిండి రుబ్బాడు. అది కూడా చెప్పాలి. 1962లో ఇంకే హీరో రుబ్బాడు?

వంశధార
రుబ్బాడు, నిజమే. రుబ్బుతూ పాడింది "లేచింది నిద్ర లేచింది మహిళాలోకం". ఆడవాళ్ళు ఉద్యోగాల్లోకి, చట్టసభల్లోకి వచ్చి మగవాళ్ళకి పని లేకుండా చేశారన్న ఎత్తిపొడుపు అది. పాట రాసిన పింగళిగారి కలం చమత్కారం గొప్పదే. ఒక చేత్తో ఆడవాళ్ళని దెప్పుతూ ఇంకో చేత్తో హీరో చేత రోలు తిప్పించారు. నా వరకు ఆ సీనే పాటకి జవాబు. మగపిల్లలకి ఆ పాట ఇస్తే రోలు కూడా ఇవ్వాలి.

రాయగడ రమణి
పద్మగారూ, ఇది లిస్టులో రాసుకోండి. రోలు మా ఇంట్లో ఉంది, పంపిస్తాను.

సిరొంచ శీను
మహారాష్ట్ర అంచు నుంచి ఒక మాట. ఇక్కడ మా బడులు మరాఠీ, ఇళ్ళు తెలుగు, పద్మగారు చెప్పిన పరిస్థితే మాదీను. మరాఠీ రంగస్థలం మీద బాల గంధర్వ స్త్రీవేషాలే వేసేవారు. ఆయన చీర కట్టు, జడ తీరు చూసి పెద్దింటి ఆడవాళ్ళు నేర్చుకునేవారని మా మాస్టార్లు చెప్పేవారు. ఆడది ఎలా ఉండాలో మగవాడు చూపిస్తే ఆడవాళ్ళు అనుసరించారు.

పాత సినిమాలన్నీ వంచేవే అనుకోకండి వంశధారగారూ. 1937లో శాంతారాం తీసిన కుంకూ చూడండి. ముసలివాడికి మోసంతో కట్టబెట్టిన పిల్ల ఆ కాపురాన్ని ఒప్పుకోదు. మొదటి నుంచి చివరి దాకా ఒప్పుకోదు. ఆ వేషం వేసిన శాంతా ఆప్టే తన పాటలు తనే పాడింది. మెడ వంచకుండానే పాడింది.

జయపురం మాస్టారు
మనకీ ఉన్నాయి శీనూ. 1939లో వరవిక్రయం. కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకం. భానుమతి మొదటి సినిమా. ఆమె వేసిన కాళింది కట్నం పెళ్ళి కంటే చావే నయమనుకుని నూతిలో దూకుతుంది. చెల్లెలు కమల అలా చావదు. పెళ్ళి చేసుకుని, డబ్బిచ్చి కొన్నాం గనక అల్లుడు మా సొత్తు అని అత్తమామల్ని నిలదీస్తుంది. ఇది మరీ పాతది, అందుకే నాకు ఒకటి అర్థం కాదు. ముప్పైల్లో అంత గట్టిగా మాట్లాడిన ఆడపిల్లలు అరవైలకి వచ్చేసరికి రంగురంగుల తోటల్లో సిగ్గుపడటం ఎందుకు మొదలెట్టారు?

పాతపాటల పిచ్చోడు
సంస్కరణ కథల తరం పోయి కుటుంబ కథలకి డబ్బులొచ్చాయి మాస్టారూ. అయినా భానుమతిని తోటలో ఎవరూ నిలబెట్టలేకపోయారు. మల్లీశ్వరి (1951)లో ఏడుస్తున్నా ఆ గొంతులో బతిమాలుడు వినిపించదు. 1953లో చండీరాణి ఆవిడే డైరెక్ట్ చేశారు, మూడు భాషల్లో.

బరంపురం బుజ్జి
సిరొంచ శీను చెప్పిన ఆడవేషం సంగతి మీద నాది. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి ఠాకురాణి అమ్మవారి యాత్ర. మొక్కుకుని వేషాలు వేస్తారు. మీసాలున్న మావయ్యలు చీర కట్టి, బొట్టు పెట్టి వీధుల్లో తిరుగుతారు. ఆడవాళ్ళు హారతి పడతారు. ఒడియావాళ్ళ గోటిపువ నాట్యంలో అబ్బాయిలే అమ్మాయిల్లా ఆడతారు. మన తూర్పు భాగోతంలో సత్యభామ మగవాడే. నాటకాల్లో స్థానం నరసింహారావుగారు సత్యభామగా అంత పేరు తెచ్చుకున్నారు, పద్మశ్రీ ఇచ్చారు. మగవాడు ఆడదైతే కళ. ఆడపిల్ల మగవాడి పాట అడిగితే మాత్రం "వదిలెయ్యి తల్లీ". ఇదొక్కటి అడగండి పద్మక్కా, కమిటీ పెద్దాయన ఏమంటారో నాకు వినాలని ఉంది.

మహేంద్రతనయ
మాయాబజార్ (1957) ఎవరూ ఎత్తలేదేం? "అహ నా పెళ్ళంట"లో సావిత్రి శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. నడక చూడండి, భుజాలు చూడండి, మధ్యలో ఉలిక్కిపడి మళ్ళీ ఒయ్యారంలోకి దూరడం చూడండి. సుశీల పాడుతుంటే మధ్యలో ఘంటసాల గొంతు పైకి తన్నుకొస్తుంది. ఆడపిల్ల సిగ్గు పడాలి, తల వంచాలి, చీర కుచ్చిళ్ళు పట్టుకోవాలి అన్నవన్నీ ఒక రాక్షసుడు నేర్చుకుని నటిస్తున్నాడు. సిగ్గు పుట్టుకతో వచ్చేది కాదు, అలవాటు చేసుకునేది అని అంత బాగా చూపించిన పాట నాకు ఇంకోటి కనపడదు. తీసినవాళ్ళు నవ్వించడానికే తీశారేమో, కానీ సావిత్రి చేసింది నవ్వుతో ఆగలేదు.

బరంపురం కీబోర్డు
ఆ పాట ఒక్క పిల్ల చేతే రెండు గొంతుల్లో పాడిస్తే పందిరి లేచిపోతుంది. గతంలో ఒక పెళ్ళిలో విన్నాను, గట్టిగా సాధన కావాలి.

జాజిపువ్వు
గొంతుల మాట వచ్చింది కాబట్టి. ఆ రోజుల్లో మంచి ఆడదానికి ఒక గొంతు, చెడ్డదానికి ఒక గొంతు అని పంచేశారు. గుడిలో సుశీల, క్లబ్బులో ఎల్.ఆర్. ఈశ్వరి. ప్రేమ్‌నగర్ (1971)లో "లే లే లే నా రాజా" వినండి, ఆ పాటలో ఉన్న కోరికని హీరోయిన్ నోట పెట్టే ధైర్యం లేదు. జ్యోతిలక్ష్మి ఒంటి మీద పెట్టారు. చూసి ఆనందించారు, తర్వాత ఆమెని తిట్టుకున్నారు. అదే ఈశ్వరి పాడిన అమ్మవారి పాటలు తమిళనాట ప్రతి జాతరలో మైకుల్లో మోగుతాయి. గొంతులో చెడ్డతనం ఉంటే అమ్మవారి దగ్గరికి ఎలా వెళ్ళింది?

అంతకు ముందు స్వర్గసీమ (1945)లో "ఓహో పావురమా" కూడా కాపురం కూల్చే ఆడదాని పాటే. పాడి నటించింది భానుమతి కాబట్టి జనం ఆమెని గుండెల్లో పెట్టుకున్నారు, ఇంట్లో కూర్చున్న మంచి ఇల్లాలిని మర్చిపోయారు.

గుణుపురం గోపి
ఇలా వడగట్టుకుంటూ పోతే ఒక్క పాటా మిగలదు. కె. విశ్వనాథ్‌గారిని కూడా బోనులో నిలబెట్టేలా ఉన్నారు.

రాయగడ రమణి
నిలబెట్టాలనే ఉంది, ప్రేమతోనే. ఆయన తీసిన స్వర్ణకమలం (1988) నాకు ప్రాణం. కానీ మీనాక్షికి డాన్స్ వద్దు. ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. హోటల్లో ఉద్యోగం, జీతం, నలుగురితో తిరగడం కావాలి. పక్కింటి చంద్రశేఖర్‌కి ఆమెలో కళ కనిపించింది కాబట్టి ఆమె వద్దన్నది లెక్కలోకి రాదు. చివర్లో ఒడిస్సీ నర్తకి షారన్ లోవెన్ చొరవతో అమెరికా ప్రయాణం కుదిరితే, ఎయిర్‌పోర్టు నుంచి చందు కోసం వెనక్కి వస్తుంది. కళ కోసం ఇంత చేసి కళని అక్కడ ఆపడం నాకు మింగుడు పడలేదు.

హాలీవుడ్ వాళ్ళూ ఇంతే. మై ఫెయిర్ లేడీ (1964)లో ఎలైజాకి భాష నేర్పిన ప్రొఫెసర్ చివర్లో నా చెప్పులేవీ అంటాడు, ఆమె వెనక్కి వచ్చి నిలబడుతుంది. మూలనాటకం రాసిన బెర్నార్డ్ షా ఆమె ఆయన్ని పెళ్ళి చేసుకోదని విడిగా వ్యాసం రాసి మరీ చెప్పాడు. పాటల సినిమా చేసేటప్పుడు ఆమెని తిరిగి ఇంటికి తెచ్చేశారు.

మహేంద్రతనయ
రమణీ, నేను ఒప్పుకోను. చందు ఆమెని కొట్టలేదు, బెదిరించలేదు. సినిమా బ్యానర్లు రాసుకునే మనిషి, తన దగ్గర లేని డబ్బు ఆమె కోసం ఖర్చు పెట్టాడు. మా నాన్న నన్ను పోరి పోరి సైన్సు చదివించారు. నేనూ వద్దన్నాను. ఇవాళ నా కాళ్ళ మీద నేనున్నాను. వద్దన్న ప్రతిసారీ వదిలేయడమే గౌరవం అయితే నాకీ ఉద్యోగం లేదు.

రాయగడ రమణి
నాన్న చదివించడం వేరు. నీ ఉద్యోగం చూసి ఆయన నిన్ను పెళ్ళాడతానని రాలేదు కదా. నేర్పినవాడే ప్రతిసారీ మొగుడవుతాడు, నా అభ్యంతరం అది.

పర్లాకిమిడి పద్మ
నిన్న సాయంత్రం వెళ్ళి మాట్లాడాను. లవకుశ సంగతి చెప్తే పెద్దాయన ఆగారు, జవాబు చెప్పలేదు. ఠాకురాణి యాత్ర సంగతికి "అది మొక్కు, ఇది కచేరీ" అన్నారు. శివశంకరికి రిహార్సల్లో విని చెప్తామన్నారు. కుర్చీ సీను తీసేశారు. "తెలుసుకొనవె చెల్లీ" పెట్టడానికి ఆయన ఇల్లాలే లోపల్నుంచి "పెట్టండి" అని కేక వేశారు. ఈశ్వరి పాటలు మాత్రం ససేమిరా అన్నారు. దాని మీద నేనింకా వదల్లేదు.

జోలపాట ఒక మగపిల్లాడికి ఇవ్వమని అడిగాను. వాడి తల్లి అడ్డం పడింది, ఏడిపిస్తారని. ఆ భయం నిజమైనదే, నాకేం తోచలేదు.

జయపురం మాస్టారు
ఇద్దరు ముగ్గురు మగపిల్లలకి కలిపి ఇవ్వమ్మా. గుంపులో ఉన్నవాణ్ణి ఎవరూ ఏడిపించరు. నేను మా మనవణ్ణి జోకొట్టేటప్పుడు పాడేదీ సుశీల పాటే.

బరంపురం బుజ్జి
"అలిగిన వేళనె చూడాలి" కూడా ఆడపిల్లలకి ఇవ్వండి. గుండమ్మ కథలోదే. అందులో అలిగింది కృష్ణుడు, ఆ అలకలో అందం చూసి మురిసేది ఆడవాళ్ళు.

గుణుపురం గోపి
సరే, అన్నీ పెట్టండి. ఆడువారి మాటలు కూడా ఉండాలి. అది లేని పాత పాటల రాత్రికి నేను రాను.

కాశీనగర్ అమ్మమ్మ
మా మనవరాలు చదివి వినిపిస్తే దానిచేత టైపు చేయిస్తున్నా. ఇందాకట్నుంచి సావిత్రి, జమున, భానుమతి అంటున్నారు. గుండమ్మని ఎవరూ తలవలేదు. మొగుడు పోయినా ఇల్లు, ఆస్తి, తాళాలు తన చేతిలో ఉంచుకుంది. మా కాలంలో మొగుడు పోయిన ఆడదాన్ని మూల గదిలో కూర్చోబెట్టేవారు, ఉప్పూ కారం లెక్క కూడా అడగనిచ్చేవారు కాదు. సూర్యకాంతం తెర మీద గొంతెత్తి అరుస్తుంటే మేమంతా గయ్యాళి అని నవ్వేవాళ్ళం. నవ్వుతూనే, ఆ తాళాల గుత్తి నా నడుముకి ఉంటే బాగుండునని అనుకునేదాన్ని. సవతి కూతుర్ని రాచి రంపాన పెట్టింది, అది తప్పే. కానీ ఆ తాళాలు తప్పు కాదు.

పాతపాటల పిచ్చోడు
అమ్మమ్మగారూ, మీ మాట చదివాక సినిమా పాటలన్నీ వరసగా తలచుకున్నాను. ఎన్టీఆర్‌కి ఉంది, ఏఎన్నార్‌కి ఉంది, సావిత్రికి ఉంది, జమునకి ఉంది. సినిమా పేరే గుండమ్మ. గుండమ్మకి ఒక్క పాట లేదు.

వంశధార
వయసు మళ్ళిన ఆడదానికి ఆ సినిమాల్లో జోలపాట కూడా దక్కలేదు. అరవడమే మిగిల్చారు.

కాశీనగర్ అమ్మమ్మ
పర్లాకిమిడి కచేరీలో పెద్దవాళ్ళని పాడనిస్తారా? కీబోర్డు అబ్బాయి, నాకు నాలుగో శ్రుతి చాలు, ఐదు అందదు.